చీకటి గదిలో రేచీకటి పరీక్ష

ఉప్పల్ రోడ్డు పొడుగునా మెట్రో స్తంభాలు లేచి, వాటి మీద రైలు మాత్రం ఇంకా నడవని రోజులవి. ఆ ఏడు జూన్ మొదటి వారంలో నన్ను నాచారం ఫీల్డ్ యూనిట్‌కి ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటికి నేను ఒక పోషకాహార పరిశోధన సంస్థలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌ని. మా దగ్గర శాస్త్రవేత్తలు వేరు, టెక్నికల్ ఆఫీసర్లు వేరు. ఏం కొలవాలో, ఎందుకు కొలవాలో వాళ్ళు నిర్ణయిస్తారు. కొలవడం మా పని. పరిశోధన పత్రం మీద వాళ్ళ పేర్లు మొదటి పేజీలో ఉంటాయి, మా పేర్లు ఆఖరున కృతజ్ఞతల కింద చిన్న అక్షరాల్లో వస్తాయి. ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఈ కథలో ఎవరి పని ఏదో తెలియాలి కాబట్టి చెబుతున్నాను.

నాకు అప్పగించిన పని ఇది. గర్భిణుల ఒంట్లో విటమిన్ ఎ సరిపడా ఉందో లేదో రక్తం తీయకుండా తెలుసుకునే పరికరం ఒకటి తయారైంది. ప్రయోగశాలలో అది బాగానే పనిచేసింది. అయితే ప్రయోగశాలలో దాని ముందు కూర్చున్నవాళ్ళంతా మా సంస్థ ఉద్యోగులూ, పరిశోధక విద్యార్థులూ. ఇళ్ళలోనూ ఫ్యాక్టరీల్లోనూ పనిచేసుకునే ఆడవాళ్ళ మధ్య అది నిలబడుతుందో లేదో చూడాలి. ప్రాజెక్టుకి పెద్ద రాఘవరావు గారు. గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నన్ను ఎప్పుడూ 'వసంత గారూ' అనే పిలిచేవారు.

రక్తం తీయకపోవడం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. అంతకుముందు అదే బస్తీల్లో వేరే సర్వే కోసం మేము రక్తం తీశాం. ఫలితాలు వాళ్ళకి చేరేసరికి చాలా ఆలస్యమైంది, కొందరికి చేరనే లేదు. తర్వాత మేము వెళితే తలుపులు తెరిచేవాళ్ళు తగ్గిపోయారు. ఒకావిడ నా మొహం మీదే అంది: "మీరే రక్తం తక్కువున్నదంటరు, మల్ల మీరే సీసాలల్ల నింపుకపోతరు."

పైగా విటమిన్ ఎ విషయంలో రక్తం అంత నిక్కచ్చి సాక్షి కాదు. శరీరం ఈ విటమిన్‌ని కాలేయంలో దాచుకుంటుంది. నిల్వ తరిగిపోతున్నా రక్తంలోకి మాత్రం చాలాకాలం మామూలుగానే వదులుతుంది. రక్తంలో తగ్గిందని తెలిసేసరికి లోపల గాదె దాదాపు ఖాళీ అయిపోయి ఉంటుంది. అందుకని సూది లేని దారులు చాలామంది వెతికారు. వేలి కొనని ఒక యంత్రంలో పెడితే, చర్మంలోకి వెలుగు పంపి, ఆకుకూరల నుంచీ బొప్పాయి నుంచీ వచ్చి, ఒంట్లో విటమిన్ ఎగా మారే పసుపు పదార్థం ఎంత ఉందో అంచనా కట్టే పద్ధతి ఒకటి. మేము దాన్నీ ప్రయత్నించాం. వేళ్ళకి పసుపూ గోరింటాకూ ఉన్న ఆడవాళ్ళ దగ్గర అది గందరగోళపడింది. కంటి తెల్లగుడ్డు మీద చిన్న వడపోత కాగితం క్షణం సేపు అద్ది, దానికి అంటుకున్న కణాలని సూక్ష్మదర్శినిలో చూడడం మరొకటి. అది నొప్పి లేనిదే కానీ, కంటి దగ్గరికి చెయ్యి వస్తుంటే ఎవరు ఊరుకుంటారు?

మా పరికరం చూపునే అడుగుతుంది. కంటి వెనక పొరలో, వెలుతురు తగ్గినప్పుడు పనిచేసే ఒక రంగు పదార్థం ఉంటుంది. బాగా వెలుతురు పడితే అది వెలిసిపోతుంది, చీకట్లో మళ్ళీ ఊరుతుంది. ఊరడానికి విటమిన్ ఎ కావాలి. ఎండలోంచి సినిమా హాల్లోకి వెళ్ళినప్పుడు మొదట ఏమీ కనబడక, తర్వాత మెల్లగా కుర్చీలు కనబడతాయే, ఆ మెల్లదనమే మేము కొలిచేది. విటమిన్ తగ్గినవాళ్ళకి ఆ కుర్చీలు చాలా ఆలస్యంగా కనబడతాయి, లేదా కనబడనే కనబడవు. మన వాళ్ళు దాన్నే రేచీకటి అంటారు.

నాచారంలో ఒక కాలనీ కమ్యూనిటీ హాలు మాకు ఇచ్చారు. ఆ హాలు వెనక సామాను గదిని ఖాళీ చేయించి, కిటికీలకి నల్ల కాగితం అంటించి, తలుపుకి రెండు దళసరి తెరలు వేశాం. రాతి గోడలు కావడం వల్ల మండే జూన్‌లో కూడా లోపల చల్లగా ఉండేది. అక్కడికి వచ్చిన గర్భిణిని ఒక వాలు కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళ మీద ఈతగాళ్ళ అద్దాల లాంటి ఒక పెట్టె అమర్చేవాళ్ళం. ముందు ఒక తీవ్రమైన మెరుపు. దాంతో కంట్లో ఆ రంగు వెలిసిపోతుంది. తర్వాత చీకట్లో పావుగంట సేపు ఊరికే కూర్చోవాలి. ఆ తర్వాత పెట్టె లోపల ఆకుపచ్చ దీపం చుక్క వెలుగుతుంది. మొదట ఉందో లేదో తెలియనంత సన్నగా, తర్వాత తర్వాత కాస్త ఎక్కువగా. దీపం వెలిగిన ప్రతిసారీ 'టక్' మని చప్పుడవుతుంది. కనబడితే చేతిలోని మీట నొక్కాలి. మధ్య మధ్య చప్పుడు మాత్రం చేసి దీపం వెలిగించకుండా వదిలేస్తాం. దాన్ని మేము ఖాళీ ట్రయల్ అనేవాళ్ళం. ఊహించి నొక్కేవాళ్ళు అక్కడ దొరికిపోతారు. నేను తెర ఇవతల, ఎర్ర బల్బు కింద, మీటలున్న పలక ముందు కూర్చునేదాన్ని. నియమం ప్రకారం లోపలి మనిషితో మాట్లాడకూడదు.

ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ నిద్రలో నడిచినట్టే ఉంటుంది. పొద్దున ఉప్పల్లో మా ఇంటి నుంచి బయలుదేరి, దుమ్ములోంచి, హారన్లలోంచి వచ్చి ఆ తెర వెనక్కి వెళితే నగరం ఎక్కడికో జారిపోయేది. మసాలా పొడుల ఫ్యాక్టరీ నుంచి ధనియాల వాసన సన్నగా తేలివచ్చేది. మౌలాలి వైపు ఎక్కడో గూడ్సు బండి వెళుతుంటే గోడలు వణికేవి, చప్పుడు మాత్రం వినబడేది కాదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. మధ్యాహ్నం బయటికొస్తే ఎండ తెల్లటి గోడలా అడ్డం నిలబడేది. రోడ్డు దాటే మనుషులు నీళ్ళ అడుగున కదులుతున్నట్టు ఉండేవాళ్ళు. కాసేపు నేను కూడా వాళ్ళకి కనబడనేమో అనిపించేది.

రెండు వారాలయ్యాక చూస్తే ఫలితాలు అనుమానంగా ఉన్నాయి. పరీక్షకి వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది, దీపం బాగా ప్రకాశించే దాకా మీట నొక్కలేదు. అది నిజమైతే నాచారంలో గర్భిణులు సగం మంది సాయంత్రమయ్యేసరికి గోడలు తడుముకుంటూ తిరుగుతూ ఉండాలి. రాఘవరావు గారు వచ్చి స్వయంగా ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆయనకి అన్ని దీపాలూ కనబడ్డాయి. పరికరం బాగానే ఉంది. మరి తేడా ఎక్కడుంది?

అది ఒక మధ్యాహ్నం దానంతట అదే బయటపడింది. పరీక్ష అయిపోయిందని పిలిస్తే లోపలి మనిషి పలకలేదు. భయపడి ఎర్ర టార్చి పట్టుకుని వెళ్ళాను. ఎనిమిదో నెల గర్భిణి, పొట్ట మీద చేతులు వేసుకుని, కళ్ళద్దాల పెట్టె పక్కకి ఒరిగిపోగా, హాయిగా నిద్రపోతోంది. భుజం తట్టి లేపాను. సిగ్గుపడుతూ లేచి కూర్చుంది.

"ఏమనుకోకు మేడం," అంది. "ఇంట్ల గింత చీకటి యాడుంటది? గింత సల్లగ, ఎవ్వలు పిలువకుంట."

హాల్లో తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఇది విని నవ్వారు. అప్పుడు ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. చాలామందికి ఆ పావుగంటలో కన్ను మూతపడింది. పొద్దున ఇంటి పని, పగలంతా ఫ్యాక్టరీ, మళ్ళీ ఇంటి పని. మధ్యలో మేము వాళ్ళని చల్లని చీకట్లో వాలు కుర్చీలో కూర్చోబెట్టి, మాట్లాడవద్దని చెప్పాం. కొందరు పక్కింటివాళ్ళకి చెప్పి మరీ తీసుకొచ్చారట, అక్కడికి పోతే కాసేపు నిద్ర పడుతుందని. మా పరీక్షకి అంత మంది ఇష్టంగా ఎందుకొస్తున్నారో నాకప్పుడు అర్థమైంది. సూది లేదన్నది ఒక్కటే కారణం కాదు.

రాఘవరావు గారికి ఫోన్ చేస్తే ఆయన మొదట నవ్వారు, తర్వాత ఊపిరి పీల్చుకున్నారు. నెలాఖరున సమీక్ష కమిటీ ఉంది. పరికరం తప్పు లేదని తేలడమే ఆయనకి కావలసింది. మర్నాడు హాలుకి వచ్చి, దీపం కనబడనివాళ్ళందరినీ నిద్రపోయినవాళ్ళ కింద లెక్కగట్టి తీసేద్దామన్నారు. అందులో అన్యాయమేమీ లేదు. మా వృత్తిలో అలా తీసేయడం మామూలే, కారణం రాస్తే చాలు.

"నిద్రపోయింది ఎవరో, మెలకువగా ఉండి కూడా చూడలేకపోయింది ఎవరో మనకి తెలియదు సార్," అన్నాను. "అందరినీ ఒకే మూటలో కట్టి పారేస్తే నిజంగా చూపు తగ్గినవాళ్ళు కూడా అందులోనే పోతారు."

ఆయన, కమిటీ కూర్చునేలోపు నేను ఎంతమందిని మళ్ళీ పరీక్షించగలనని అడిగారు. వచ్చినవాళ్ళందరినీ అన్నాను. మాట్లాడకూడదన్న నియమం తీసేయాలని కూడా అడిగాను. నేను తెర లోపలే, వాళ్ళ పక్కనే కూర్చుంటాను. దీపం గురించి తప్ప మిగతా ఏ విషయమైనా మాట్లాడి మెలకువగా ఉంచుతాను. మీట తీసేసి నోటితోనే చెప్పమంటాను. ఆయన ఒప్పుకున్నారు, కానీ ఏం మాట్లాడినా గొంతులో తేడా రానీయకండి, మీ గొంతును బట్టే వాళ్ళు దీపం వెలిగిందని పసిగడతారు అని హెచ్చరించారు. అది మంచి హెచ్చరిక. పలకని వైరుతో లోపలికి లాగి, నా ఒళ్ళో పెట్టుకుని, ఒకే స్వరంతో మాట్లాడడం సాధన చేశాను.

అలా మొదలైంది రెండో విడత. చీకట్లో పక్కపక్కన ఇద్దరు ఆడవాళ్ళం, ఒకరికొకరం కనబడం. వెలుతుర్లో ఎన్నడూ చెప్పని సంగతులు వాళ్ళ నోట వచ్చేవి. ఒకామె నాచారం పెద్ద చెరువులో ఒకప్పుడు తామరలు ఉండేవని వాళ్ళ నాయనమ్మ చెప్పిన మాట చెప్పింది. ఒకామె పుట్టబోయే బిడ్డకి తాను అనుకున్న పేరు, ఇంట్లో ఎవరికీ చెప్పని పేరు, నా చెవిలో చెప్పింది. ఒకామె కాసేపు పాడింది. మాటల మధ్య 'టక్' మనేది, 'ఆ, కనబడ్డది' అనేవాళ్ళు, మళ్ళీ ముచ్చట సాగేది. గొంతులు చీకట్లో తేలుతూ నా దగ్గరికి వచ్చి, మళ్ళీ ఎటో వెళ్ళిపోతున్నట్టుండేది. తర్వాత చాలా ఏళ్ళ పాటు ఉప్పల్ కూరగాయల మార్కెట్లో ఎవరో బేరమాడుతుంటే ఆగి వినేదాన్ని. మొహం గుర్తు లేదు, గొంతు మాత్రం తెలుసు.

మెలకువగా ఉన్నవాళ్ళకి దాదాపు అందరికీ దీపం కనబడింది. ఇక మిగిలింది కొద్దిమందే అనుకుంటుండగా ఒక శనివారం మధ్యాహ్నం స్వరూప వచ్చింది.

ఆమెకి ఇరవై ఆరో ఏడు, ఐదో నెల. నాచారం పారిశ్రామిక వాడలో ఒక ప్యాకింగ్ యూనిట్లో పని. మొదటిసారి పరీక్షలో ఆఖరి దీపం దాకా మీట నొక్కలేదు కాబట్టి ఆమె కూడా నిద్రపోయినవాళ్ళ జాబితాలోనే ఉంది. ఈసారి కుర్చీలో నిటారుగా కూర్చుంది. నేనేం అడిగినా వెంటనే జవాబు చెప్పింది. ఇల్లు మౌలాలి వైపు, రైలు పట్టాల అవతల. భర్త ప్లంబరు. నిద్రమత్తు ఛాయ కూడా లేదు.

మొదటి దీపం, అందరికంటే సన్నది, వెలిగించాను.

"కనబడ్తున్నది," అంది.

రెండోది. "కనబడ్తున్నది."

అంత సన్న దీపం అంత త్వరగా ఎవరికీ కనబడలేదు. ఖాళీ ట్రయల్ ఇచ్చాను. 'టక్' మంది.

"కనబడ్తున్నది మేడం."

మరోసారి ఇచ్చాను. మళ్ళీ అదే మాట. ఈ విడతలో ముందే పాసైన నేస్తాలు ఆమెకి చెప్పి ఉంటారు, చప్పుడైనప్పుడల్లా కనబడిందంటే చాలని. పలక పక్కన పెట్టాను.

"స్వరూపా, ఇప్పుడు దీపం వెలిగించలేదమ్మా. వట్టి చప్పుడే చేశాను," అన్నాను.

ఆమె కుర్చీలో నా వైపు తిరిగిన చప్పుడైంది. తర్వాత అడిగింది, ఈ మాట ఎవరికన్నా చెబుతానా అని. ఎవరికి చెప్పాలో నువ్వే చెప్పు, నాకై నేను చెప్పను అన్నాను.

"పొద్దుమూకినంక నాకేం కనబడ్తలేదక్కా," అంది. మేడం అనడం ఆ క్షణంలో మానేసింది. "బల్బులు కనబడ్తయి. కింద నేల కనబడది. కడుపుతోని ఉన్నప్పుడు గట్లనే ఉంటది, కాన్పయినంక పోతదంటరు గద. గని ఇది కడుపు కంటే ముందుగాలనే షురూ అయింది."

ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. డ్యూటీ దిగేది మసక చీకట్లో. లచ్చమ్మ అని తనతో పనిచేసే ఆమె ఉంది, ఆమె చెయ్యి పట్టుకుని రోజూ పట్టాలు దాటుతోంది. ఎందుకు పట్టుకుంటున్నదీ లచ్చమ్మకి కూడా తెలియదు, కడుపుతో ఉన్నందుకనుకుంటోంది. సోమవారం నుంచి లచ్చమ్మకి పొద్దుటి డ్యూటీ.

ఇంట్లో చెప్పడానికేం అని అడిగాను.

"పోయినేడే నన్ను లైన్ లీడర్ జేసిన్రక్కా. మా లైన్‌ల ఆడోళ్ళల్ల నేనే మొదలు. కండ్లు కనబడయంటే ఆయన పనికి పోనియ్యడు. కంపెనీల తెలిస్తే వాళ్ళు ఉంచుకోరు."

నేను తిండి గురించి అడిగాను. ఆకుకూర లేని రోజు లేదంది. క్యారెట్లూ తింటోంది. అయితే ఎలా వండుకుంటున్నావని అడిగితే, ఉడకబెట్టి ఉప్పు వేసుకుని తింటానంది. కిందటేడు కామెర్లయ్యాయి. పత్యమని వాళ్ళ అత్తగారు నూనె, నెయ్యి మానిపించింది. కామెర్లు తగ్గాయి, పత్యం మాత్రం ఆమె మానలేదు. నూనె చుక్క నోట్లో పడితే మళ్ళీ కామెర్లొస్తాయని భయం. అత్తగారే ఇక చాలన్నా వినలేదట.

నాకు ఆ చీకట్లో విషయం స్పష్టమైంది. ఆకుకూరలో ఉన్న పసుపు పదార్థం నూనెలో కరిగితేనే పేగుల్లోంచి ఒంట్లోకి వెళుతుంది. ఏడాది పాటు ఆమె రోజూ ఆకుకూర తింటూనే ఉంది, అది ఆమెకి అందకుండానే వెళ్ళిపోతోంది. కామెర్ల వల్ల కాలేయంలో నిల్వ కూడా తరిగి ఉండవచ్చు. అయితే నేను డాక్టర్ని కాను. అనుమానం చెప్పడం వరకే నా హక్కు. మా మెడికల్ ఆఫీసర్ డాక్టర్ సుల్తానా సోమవారం పొద్దున వస్తారు, ఆవిడతో మాట్లాడు, ఆవిడ కూడా ఎవరికీ చెప్పరు అన్నాను. స్వరూప సరేనంది.

డాక్టర్ సుల్తానా మౌలాలిలో పుట్టి పెరిగిన మనిషి. తెలుగూ ఉర్దూ ఒకే ఊపిరిలో మాట్లాడేవారు. ఆవిడ స్వరూప కళ్ళు చూశారు. పుట్టుకతో వచ్చే రేచీకటి కూడా ఉంటుంది కాబట్టి, కంటి వెనక పొర చూపించడానికి కంటి ఆసుపత్రికి చీటీ రాశారు. రక్తం కూడా కావాలన్నారు. స్వరూప చెయ్యి చాపింది. మందు మాత్రం చిన్న మోతాదులోనే, రోజూ కొంచెం కొంచెంగా ఇస్తానన్నారు. గర్భిణులకి విటమిన్ ఎ ఒక్కసారిగా పెద్ద మోతాదులో ఇస్తే కడుపులో బిడ్డకి హాని. ఎక్కువైనా ప్రమాదమే అన్న సంగతి ఈ విటమిన్ గురించి చాలామందికి తెలియదు.

"జర నూనె పడాలె బేటా," అన్నారావిడ. "నూనె లేకుంటే కూరల తాకత్ ఒంటికి పట్టది. నీ కామెర్లు ఎప్పుడో పోయినయి. ఫికర్ జేయకు."

స్వరూప మాత్రలు తీసుకుంది. నూనె మాటకి మాత్రం తలొంచుకుని ఊరుకుంది.

మాత్రలు ఆ సాయంత్రానికే పనిచేయవు. లచ్చమ్మ లేని మొదటి సాయంత్రం అది. నేను ఇంటికి వెళ్ళకుండా ఆ ప్యాకింగ్ యూనిట్ గేటు దగ్గర నిలబడ్డాను. ఇది నా ఉద్యోగ విధుల్లో లేదు. మాతో పరీక్షకి కూర్చున్నవాళ్ళ ఇళ్ళకి సొంతంగా వెళ్ళడం మాకు నిషేధం కూడా. రేపు రాఘవరావు గారికి చెబుదామనుకున్నాను.

స్వరూప బయటికొచ్చాక పేరు పెట్టి పిలిస్తే నన్ను గొంతుతో గుర్తుపట్టింది. నా మణికట్టు పట్టుకుంది. వాన రాబోయే ముందరి సాయంత్రం, ఆకాశం రాగి రంగులో ఉంది. నాకు అన్నీ కనబడుతున్నాయి, కానీ ఏవీ గట్టిగా ఉన్నట్టు లేవు. ముళ్ళ పొదలూ, కంకర గుట్టలూ, దూరంగా మౌలాలి గుట్టా, అన్నీ పొగతో చేసినట్టున్నాయి. ఆ రోజంతా చీకటి గదిలో కూర్చున్న నా కళ్ళు ఇంకా బయటి లోకంలోకి పూర్తిగా రాలేదేమో. అందరూ దాటే చోటనే పట్టాల దగ్గరికి చేరాం. ఆమె ముందడుగు వేసింది. మొదటి పట్టా దాటబోతుండగా ఆమె చెప్పు కంకరలో ఇరుక్కుంది. వంగి సర్దుకుంటోంది. మౌలాలి వైపు నుంచి హారన్ వినబడింది.

రెండు చేతులతో ఆమెని వెనక్కి లాగాను. గట్టు మీద నిలబడ్డాం. గూడ్సు బండి వచ్చింది. పెట్టె తర్వాత పెట్టె, నల్లగా, అంతం లేనట్టుగా మా ముందునుంచి వెళుతూనే ఉంది. గాలికి ఆమె కొంగు లేచి నా మొహానికి కొట్టింది. బండి పోయాక అంతా మళ్ళీ నిశ్శబ్దమైంది.

"అవతలి లైన్ మీద పోయింది గదక్కా?" అని అడిగింది.

"కాదమ్మా. మనం దాటబోయిన పట్టా మీదే," అన్నాను.

నా మణికట్టు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. పట్టాలు దాటి, సందులు తిరిగి వాళ్ళ ఇంటికి చేరేసరికి గుమ్మంలో ఆమె భర్త నర్సింగ్ నిలబడి ఉన్నాడు. ఎవరో పెద్దావిడ తన భార్య చెయ్యి పట్టుకుని తీసుకురావడం చూసి కంగారుగా ఎదురొచ్చాడు. నేను నోరు విప్పకముందే స్వరూప చెప్పేసింది. రేచీకటి సంగతి, ఇంతకాలం దాచిన సంగతి, ఇప్పుడు వెళ్ళిన బండి సంగతి, ఒక్కటీ మిగల్చకుండా.

అతను కోప్పడతాడనుకున్నాను.

"నాకు చెప్తే ఏమైతుండె?" అన్నాడు ఆమె చెయ్యి అందుకుని.

మర్నాటి నుంచి అతనే గేటు దగ్గరికి వచ్చి మోటారు సైకిల్ మీద రోడ్డు వైపు నుంచి చుట్టు తిప్పి ఇంటికి తీసుకెళ్ళేవాడు. పని మాన్పించలేదు. నూనె సంగతి కూడా అతనే చూసుకున్నాడని తర్వాత విన్నాను. తాళింపు తానే వేసి, పక్కన కూర్చుని, ఆమె తినేదాకా లేచేవాడు కాదట. మొదటి రోజు స్వరూప తిని ఏడ్చిందట, మర్నాడు అద్దంలో కళ్ళు పచ్చబడ్డాయేమోనని చూసుకుందట. కళ్ళు తెల్లగానే ఉన్నాయి.

పట్టాల దగ్గరికి వెళ్ళిన సంగతి రాఘవరావు గారికి చెప్పాను. ఇంకోసారి వెళితే ముందు తనకి ఫోన్ చేయమన్నారు, అంతే. స్వరూప రక్తం ఫలితం వచ్చింది. విటమిన్ ఎ బాగా తక్కువ. కంటి ఆసుపత్రిలో వెనక పొర మామూలుగానే ఉందన్నారు. పరికరం చెప్పింది నిజమైంది. నిద్రపోయినవాళ్ళ మూటలో పోవలసిన మనిషి ఒకరు బయటికి వచ్చారు. కమిటీలో రాఘవరావు గారు ఈ మాట దాచకుండా చెప్పారు. మొదటి విడత ఫలితాలు పనికిరావని కూడా ఆయనే చెప్పారు. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను.

వానలు బాగా పట్టాక స్వరూప మళ్ళీ పరీక్షకి వచ్చింది. పొట్ట పెరిగింది, కుర్చీలో సర్దుకోవడానికి కాస్త సమయం పట్టింది. బయట వాన కురుస్తోంది. చీకట్లో ఆ చప్పుడు ఎక్కడో వేరే దేశంలో కురుస్తున్నట్టు మెత్తగా వినబడుతోంది. ముచ్చట్లు పెట్టుకున్నాం. మెరుపు ఇచ్చాను. ఆగాం. మొదటి చప్పుడుకి ఆమె ఏమీ అనలేదు. రెండోదానికీ అనలేదు. మూడోసారి అంది:

"అగో. సన్నగ. మిణుగురు పురుగు లెక్క."

వెలుగులో ఆ మెట్టు మామూలు చూపున్నవాళ్ళకి కనబడే మెట్టే. నా గొంతు మారకుండా చూసుకుని, వాళ్ళ అత్తగారి గురించి ఏదో అడిగాను. ఆ మాట మధ్యలో దీపం వెలిగించకుండా ఉత్త చప్పుడు చేశాను.

ఆమె కళ్ళు చిట్లించి చూస్తోందని నాకు తెలుస్తోంది, కనబడకపోయినా.

"ఇప్పుడేం లేదక్కా," అంది నెమ్మదిగా. "చీకటే ఉన్నది."

మళ్ళీ చప్పుడు చేశాను, మళ్ళీ లేదంది. ఆ రోజు నేను పలక మీద గుర్తు పెట్టుకున్నవాటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది ఆ 'లేదు' అన్న జవాబే.

స్వరూపకి చలికాలంలో కాన్పయింది, కూతురు. కొన్నాళ్ళు సెలవు పెట్టి మళ్ళీ లైన్ లీడర్‌గానే చేరింది. పరికరం మాత్రం మేము ఆశించినంత దూరం వెళ్ళలేదు. మనిషికి పట్టే సమయం ఎక్కువనీ, చీకటి గది అన్నిచోట్లా దొరకదనీ దాన్ని పెద్ద సర్వేలకి తీసుకోలేదు. తర్వాత వచ్చిన రకాల్లో మనిషి జవాబుతో పని లేకుండా కంటిపాప ముడుచుకోవడాన్ని కెమెరాతో చూసే ఏర్పాటు ఉంది. అందులో కూడా కన్ను తెరిచి ఉండాలి.

నాకు ఆ పని నేర్పింది ఇది. సీసాలో తీసుకున్న రక్తం నిద్రపోదు, భయపడదు, ఉద్యోగం పోతుందని అబద్ధం చెప్పదు. చూపుతో కొలిచేటప్పుడు ఈ మూడూ కొలతలో కలుస్తాయి. వాటిని విడదీయడానికి పక్కన కూర్చునే మనిషి కావాలి, ఆ మనిషికి సమయం కావాలి, ఆ సమయాన్ని ప్రాజెక్టు రాసే రోజునే లెక్కలో వేయాలి. ఆ తర్వాత పదవీ విరమణ వరకు నేను పనిచేసిన ప్రతి ప్రాజెక్టులోనూ ఒక్కొక్కరికి ఇచ్చిన సమయానికి రెట్టింపు అడిగాను. కొన్నిసార్లు ఇచ్చారు. ఇవ్వనప్పుడు, తక్కువ మందిని కొలిచి, తక్కువ మందినే కొలిచామని రాశాను.